బందరు తీరాన తొలి ఆంగ్లేయులు: నీరు, నిమ్మరసం, దోమ చెప్పే చరిత్ర

సూర్యాపేట నుండి జాతీయ రహదారి 65 మీద తూర్పు దిశగా బయలుదేరితే కోదాడ, విజయవాడ దాటిన తరువాత ఆ దారి మచిలీపట్నంలో ముగుస్తుంది. మన ప్రాంతీయులు ఇప్పటికీ ‘బందరు’ అనే పిలిచే ఆ ఊరు, గోల్కొండ సుల్తానుల కాలంలో దేశదేశాల ఓడలు లంగరు వేసిన రేవు. అక్కడి బందరుకోటలో డచ్చి వర్తకుల సమాధులు నేటికీ ఉన్నాయి. లాభం కోసం సముద్రాలు దాటి వచ్చి, ఇంటికి తిరిగి వెళ్ళలేకపోయిన వారి గుర్తులవి. వారి వెనుకే వచ్చిన ఆంగ్లేయుల గతీ అంతకన్న మెరుగుగా లేదు. చరిత్రకారుడు ఇటువంటి చోట ఏ రాజు, ఏ యుద్ధం అని అడుగుతాడు. వైద్యుడికి తోచే ప్రశ్న వేరు: వీరు ఏ నీరు త్రాగారు? ఏమి తిన్నారు? ఏ జ్వరంతో పోయారు?

ఆంగ్లేయుల తొలి వలసలు అంటే మనకు ఫిరంగులు, కోటలు, విజయాలు గుర్తుకు వస్తాయి. నిజానికి వారి ఆరంభం వైఫల్యాల పరంపర. అమెరికా తీరంలోని రోనోక్ దీవిలో 1587లో దిగిన సుమారు 115 మంది ఏమయ్యారో నేటికీ తేలలేదు. 1607లో జేమ్స్‌టౌన్‌లో 104 మంది స్థిరపడగా, ఏడాది తిరగకముందే సగానికి పైగా మరణించారు. స్పెయిన్ ఓడల దాడి నుండి కాపాడుకోవడానికి అనువుగా ఉన్నదని వారు ఆ స్థలాన్ని ఎంచుకున్నారు. అది చిత్తడి నేల. వేసవిలో నదిలోకి సముద్రపు ఉప్పునీరు ఎగదన్నేది. పారవేసిన మలినం ఆటుపోట్ల మధ్య అక్కడే నిలిచిపోయేది. శత్రువు నుండి రక్షణ చూసుకున్నారు గాని, త్రాగే నీటిని చూసుకోలేదు. చుట్టుపక్కల ఆదివాసులతో వైరం పెరిగి మొక్కజొన్న అందడం ఆగిపోయాక, 1609-10 శీతకాలంలో వందలాది మంది ఆకలితో, రోగాలతో రాలిపోయారు.

తూర్పు దేశాలకు వచ్చేవారికి ఆపద ఓడలోనే మొదలయ్యేది. నెలల తరబడి ఎండు రొట్టె, ఉప్పు మాంసమే ఆహారం కావడంతో చిగుళ్ళు వాచి, రక్తం కారి, పాత గాయాలు తిరిగి విచ్చుకునేవి. అది విటమిన్ సి లోపం వల్ల కలిగే స్కర్వీ వ్యాధి. ఈస్టిండియా కంపెనీ 1601లో జేమ్స్ లాంకాస్టర్ నాయకత్వంలో పంపిన తొలి యాత్రలో నాలుగు ఓడలు ఉండేవి. లాంకాస్టర్ తన ఓడలోని వారికి ఉదయం పూట కొన్ని చెంచాల నిమ్మరసం ఇప్పించాడు. ఆ ఓడవారు ఆరోగ్యంగా ఉండగా, మిగిలిన మూడు ఓడలలోనివారు దక్షిణాఫ్రికా తీరం చేరేసరికి తెరచాపలు దించుకోలేనంతగా నీరసించారు. మొత్తం మీద నూరుమందికి పైగా చనిపోయారు. ఇంత స్పష్టమైన నిదర్శనం కళ్ళెదుట ఉన్నా, బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని నియమంగా అమలు చేసింది 1795లో! తెలుసుకోవడానికీ ఆచరించడానికీ మధ్య దాదాపు రెండు శతాబ్దాలు గడిచిపోయాయి.

ఈ నేపథ్యంలోనే 1611లో ‘గ్లోబ్’ అనే ఓడ మన తీరానికి వచ్చింది. పులికాట్‌లో డచ్చివారు అడ్డుపడగా, అది పెద్దపల్లి రేవుకు, అంటే నేటి నిజాంపట్నానికి, అక్కడి నుండి బందరుకు చేరింది. ఓడ నాయకుడు ఆంథొనీ హిప్పన్ మరుసటి ఏడాదే ఆగ్నేయాసియాలోని పటానీలో కన్నుమూశాడు. వర్తక బాధ్యత చూసిన పీటర్ ఫ్లోరిస్ 1615లో ఇంగ్లండుకు తిరిగి చేరిన కొద్దికాలానికే మరణించాడు. యాత్ర లాభసాటిగానే ముగిసింది. దానిని నడిపించిన ఇద్దరూ ఆ లాభాన్ని అనుభవించలేదు.

బందరును వారు కోరుకున్నది కలంకారీ, నూలు వస్త్రాల కోసం. ఊరు మాత్రం కృష్ణ ముఖద్వారానికి చేరువలో, ఉప్పు కయ్యల మధ్య ఉన్నది. మంచినీటికి కొరత, నిలవనీటికి కొదవ లేదు. కంపెనీ వైద్యుడు జాన్ ఫ్రయర్ 1673లో ఇక్కడికి వచ్చి, తాను చూసిన ఊరిని గ్రంథస్థం చేశాడు. ఆనాటి వైద్యులు చిత్తడి నేలల నుండి లేచే చెడుగాలియే జ్వరాలకు మూలమని నమ్మేవారు. మలేరియా అనే మాటకు ఇటాలియన్ భాషలో అర్థమే ‘చెడుగాలి’. వారు చోటును సరిగానే అనుమానించారు, దోషిని మాత్రం గుర్తించలేదు. గ్లోబ్ వచ్చిన 286 ఏళ్ళకు, 1897లో, మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు.

ఆనాటి కంపెనీ లేఖలలో జ్వరంతో పాటు తరచుగా కనిపించే మరొక మాట రక్త విరేచనాలు. కలుషితమైన నీరే అందుకు ప్రధాన కారణం. రోగం కన్న చికిత్స ప్రమాదకరంగా ఉండేది. విరేచనాలతో శరీరం ఎండిపోతున్న వానికి ఐరోపా వైద్యులు నరం కోసి రక్తం తీసేవారు, ఇంకా విరేచనకారులు ఇచ్చేవారు. పోయిన నీటినీ లవణాలనూ తిరిగి ఇవ్వాలన్న చిన్న సూత్రం అప్పటికి తెలియదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీటితోనే వేలాది కలరా రోగులను కాపాడగలమని నిరూపించాడు. ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ ఇచ్చే మన ఇళ్ళలోని అలవాటు కూడా ఆ దారిలోనిదే.

బందరు అధికారులతో తగాదాపడి 1628లో ఆంగ్లేయులు దక్షిణాన ఆర్మగాన్‌కు, అంటే నేటి దుగరాజపట్నానికి తరలిపోయారు. అక్కడ కోట కట్టుకున్నా వ్యాపారం సాగలేదు. 1630లో బందరుకు తిరిగి వచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఫర్మానాతో నిలదొక్కుకున్నారు. మరుసటి ఏడు బందరు నుండి ఒరిస్సా తీరానికి వెళ్ళి స్థావరాలు పెట్టినవారిలో చాలామందిని కొద్ది నెలలలోనే జ్వరాలు పొట్టన పెట్టుకున్నాయి. పెద్దపల్లి స్థావరాన్ని 1621లో మూసి, 1633లో తెరిచి, 1687లో శాశ్వతంగా వదలుకున్నారు. ఆర్మగాన్‌ను విడిచి 1640లో చెన్నపట్నానికి సాగిపోయారు.

ఈ కథలో పరదేశీయుల మరణాలను మాత్రమే లెక్కించడం న్యాయం కాదు. 1630-32 నాటి మహాక్షామం గుజరాతుతో పాటు మన తీరాన్నీ పీడించింది. వస్త్రాలు దొరకడం లేదని, నేతగాళ్ళు, చాకళ్ళు చనిపోయారని కంపెనీ ఉద్యోగులు పై అధికారులకు వ్రాసుకున్నారు. వారికి అది సరుకు కొరత. మనవారికి అది వంశనాశనం. ఆ మృతులకు బందరుకోటలో చెక్కడపు రాతి సమాధులు లేవు.

జేమ్స్‌టౌన్ దాదాపు తుడిచిపెట్టుకుపోగా బందరు స్థావరం ఎందుకు నిలిచింది? ఆంగ్లేయుల శరీరాలు ఇక్కడ గట్టిపడి కాదు. ఇక్కడ వారి చుట్టూ పండించే రైతు, నేసే సాలె, నీరు తెచ్చే కూలి, అంగడి నడిపే కోమటి, అందరితో కూడిన సమాజం అప్పటికే ఉన్నది. చనిపోయినవారి స్థానంలో కంపెనీ మరొకరిని పంపేది. ఆ కొత్తవారిని తిండిపెట్టి నిలిపింది తెలుగు నేల. మనుషులు పోతూ ఉన్నా స్థావరం మిగిలింది.

నలభై ఏళ్ళ వైద్యవృత్తిలో నేను చూసినదీ ఇటువంటిదే. కూలి ఎక్కువని దూర ప్రాంతాలకు వెళ్ళి, పని జరిగే చోటనే రేకుల షెడ్లలో ఉండి, దొరికిన నీరు త్రాగి, జ్వరంతోనో కామెర్లతోనో ఆత్మకూర్ (ఎస్) చుట్టుపక్కల పల్లెలకు తిరిగివచ్చిన యువకులు ఎందరో. జీతం ఎంత అని అడుగుతాము, నీరు ఎక్కడిది అని అడగము. పూర్వపు నల్లగొండ జిల్లాలో తేటగా కనిపించే నీరే ఫ్లోరైడుతో ఎముకలను వంచివేసిన సంగతి మనకు తెలియనిది కాదు.

కాబట్టి మీ పిల్లలు పనికో చదువుకో కొత్త ఊరికి బయలుదేరితే నాలుగు విషయాలు ముందుగా కనుక్కోండి: త్రాగునీరు పరీక్షించినదా, మరుగుదొడ్డి నీటి వనరుకు దూరంగా ఉన్నదా, నిద్రించే చోట దోమతెర ఉన్నదా, తాజా పండ్లు, కూరగాయలు దొరుకుతాయా. సంచిలో నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టి పంపండి. సముద్రాలు దాటిన కంపెనీకి ఈ జ్ఞానం లేక మనుషులను పోగొట్టుకున్నది. మనకు జ్ఞానం ఉన్నది. లాంకాస్టర్ నిమ్మరసంలాగ ఆచరణకు రెండు వందల ఏళ్ళు ఆగవలసిన పని లేదు.