ఫెన్సింగ్‌కూ ఫుట్‌బాల్‌కూ అవే వంద పాయింట్లు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆటలంటే ముందుగా గుర్తొచ్చేది అక్కడి ఫుట్‌బాలే. మిచిగన్ విశ్వవిద్యాలయ స్టేడియంలో ఒకేసారి లక్ష మందికి పైగా కూర్చుని మ్యాచ్ చూడొచ్చు. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పాత్రికేయుల ఓట్లతో ఫుట్‌బాల్ జట్లకు ర్యాంకులు ఇస్తోంది. ఈత, రెజ్లింగ్, జిమ్నాస్టిక్స్ ఆడే విద్యార్థుల కష్టాన్ని కూడా కలిపి, మొత్తం మీద ఏ విశ్వవిద్యాలయం మేటి అని తేల్చే ప్రధాన కొలమానం మాత్రం 1993-94లో గానీ రాలేదు. కాలేజీ క్రీడా విభాగాల డైరెక్టర్ల జాతీయ సంఘం, ‘యూఎస్‌ఏ టుడే’ పత్రిక కలిసి ఆ ఏడాది డైరెక్టర్స్ కప్‌ను ప్రారంభించాయి. మొదటి విజేత నార్త్ కరోలినా.

లెక్క సూటిగా ఉంటుంది. ఏ ఆటలోనైనా జాతీయ విజేతకు 100 పాయింట్లు. తర్వాతి స్థానాలకు క్రమంగా తక్కువ. ఫెన్సింగ్‌లో గెలిచినా, ఫుట్‌బాల్‌లో గెలిచినా అవే వంద. మహిళల జట్టు తెచ్చిన పాయింటుకూ పురుషుల జట్టు తెచ్చిన పాయింటుకూ తేడా లేదు. విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ నైన్ చట్టం మహిళలకు మైదానంలో చోటు కల్పిస్తే, ఈ కప్పు వారి గెలుపుకు సమాన విలువ కట్టింది. అందుకే దీన్ని వట్టి అంకెల కూడికగా చూడలేం. ఏ క్రీడాకారుడి శ్రమా చిన్నది కాదన్న విలువకు ఇది నిలబడింది.

జనం చూసే ఆటకూ చూడని ఆటకూ ఒకే తూకమేమిటని కొందరు అడుగుతారు. టికెట్ల అమ్మకం వినోదానికి కొలత, ప్రతిభకు కాదు. కేటీ లెడెకీ ఉన్న స్టాన్‌ఫర్డ్ మహిళల ఈత జట్టు 2017, 2018లలో జాతీయ విజేతగా నిలిచింది. ప్రపంచ రికార్డులు తిరగరాసిన ఈతగత్తె గెలుపును గ్యాలరీలోని తలలు లెక్కపెట్టి తగ్గించడం న్యాయమా? పైగా జనాన్ని బట్టి పాయింట్లిస్తే ఎక్కువగా నష్టపోయేది మహిళల ఆటలే.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది: ఇది సంపన్నుల పోటీ అన్నది. స్టాన్‌ఫర్డ్ 1994-95 నుంచి 2018-19 వరకు వరుసగా 25 సార్లు గెలిచింది. ఒక దశలో అక్కడ 36 క్రీడలకు జట్లుండేవి. ఈ అసమానతను తగ్గించడానికే లెక్కలోకి వచ్చే ఆటలకు పరిమితి పెట్టారు. ఎన్ని ఆడినా పందొమ్మిదికి మించి కలపరు. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి కొన్నింటిని తప్పనిసరి చేశారు. చిన్న కాలేజీలకు విడిగా కప్పులున్నాయి. కానీ పరిమితి ఆటల సంఖ్యకే, డబ్బుకు కాదు. స్టాన్‌ఫర్డ్ ఆధిపత్యానికి 2020-21లో గండి కొట్టిన టెక్సస్ కూడా సంపన్న విశ్వవిద్యాలయమే. ఆ మేరకు విమర్శ నిజమే. అయితే ఉన్న డబ్బునంతా ఒక్క ఫుట్‌బాల్ మీదే కుమ్మరిస్తే ఈ కప్పు దక్కదు. సంపన్నులను కూడా అన్ని ఆటల వైపు చూసేలా చేయడమే దీని ప్రయోజనం.

ఆ ప్రయోజనానికీ హద్దుంది. 2020 జులైలో సాక్షాత్తూ స్టాన్‌ఫర్డే ఆర్థిక లోటు చూపి ఫెన్సింగ్, రెజ్లింగ్, హాకీ సహా 11 క్రీడలను రద్దు చేస్తామని ప్రకటించింది. పూర్వ క్రీడాకారులు పోరాడాక, 2021 మేలో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. పాతిక కప్పులు కాపాడలేని జట్లను మనుషులు కాపాడుకున్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. మొదటి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆ సొమ్ములో సింహభాగం ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు వెళ్లే కొద్దీ చిన్న ఆటల మెడ మీద కత్తి వేలాడుతూనే ఉంటుంది. ఇలాంటి కప్పు మనకూ ఉంది. విశ్వవిద్యాలయాల మొత్తం క్రీడాప్రతిభకు మన దేశంలో 1956-57 నుంచే మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ ఇస్తున్నారు. అక్కడైనా ఇక్కడైనా ఇలాంటి కొలమానం ఒంటరిగా ఏ ఆటనూ బతికించలేదు. కానీ బతికించాలని పోరాడేవారి చేతికి, తమ ఆట విలువ వందకు వంద అన్న రుజువును అందిస్తుంది.