రేడియో రిమోట్ సంకేతాల డీకోడింగు

కారు తాళాలు, గ్యారేజీ తలుపుల రిమోట్లు వెలువరించే రేడియో సంకేతాలను చేతిలో ఇమిడే రిసీవరుతో గ్రహించి, అందులోని అంకెలను రాబట్టడాన్ని రేడియో రిమోట్ సంకేతాల డీకోడింగు అంటారు. 2020లో కిక్‌స్టార్టర్ ద్వారా నిధులు సమకూర్చుకొన్న ఫ్లిప్పర్ జీరో ఇటువంటి పరికరమే.

పనిచేసే విధానం

ఈ రిమోట్లు సాధారణంగా అమెరికాలో 315, ఐరోపాలో 433.92 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద పనిచేస్తాయి. చాలా రిమోట్లు తరంగాన్ని ప్రసారం చేస్తూ, ఆపుతూ 0, 1 అంకెలను పంపుతాయి. రిసీవరు ఆ స్పందనల నిడివిని కొలిచి అంకెలను గుర్తిస్తుంది.

భద్రత

పాతరకం రిమోట్లు ప్రతిసారీ ఒకే సంకేతాన్ని పంపుతాయి. దానిని నమోదు చేసి తిరిగి ప్రసారం చేస్తే తలుపు తెరచుకొంటుంది. రోలింగ్ కోడ్ పద్ధతిలో మీట నొక్కిన ప్రతిసారీ సంకేతం మారుతుంది. ఒకసారి వాడినది మళ్ళీ చెల్లదు. అయితే కారుకు చేరని సంకేతం వాడనిదిగానే మిగులుతుంది. ఈ లోపాన్ని సామీ కామ్‌కార్ 2015లో రోల్‌జామ్ అనే పరికరంతో నిరూపించాడు. అది యజమాని పంపిన రెండు సంకేతాలనూ కారుకు అందకుండా అడ్డుకొని నమోదు చేసుకొంటుంది. మొదటిదానిని తానే ప్రసారం చేసి తలుపు తెరుస్తుంది. యజమానికి అనుమానం రాదు. రెండవ సంకేతం దొంగ చేతిలో మిగిలిపోతుంది. సంకేతానికి కాలపరిమితి విధిస్తే ఈ ప్రమాదం తగ్గుతుంది.