జేర్ జబర్ లేని చదువు

1919లో ఉస్మానియా కాలేజీ అబిడ్స్ దాపున అద్దె భవనాల్లో మొదలైంది. సైన్సు కూడా ఉర్దూలోనే. తెలుగు పిల్లలకు ఆ తలుపు అమ్మభాషలో తెరుచుకోలేదు, దాచడమెందుకు? 1948 తర్వాత అదే గతి మా ఉర్దూకు పట్టింది.

అమ్మీతో ఉర్దూలోనే పోట్లాడే నాంపల్లి పిల్లలు ఎందరో ఉర్దూ పేపరు చదవలేరు. ఖురాన్ మాత్రం చదువుతారు! అందులో జేర్, జబర్ గుర్తులుంటాయి, పేపర్లో ఉండవు. పైగా పే, చే, గాఫ్ అరబీలో లేనే లేవు. ఈ సందు పూడ్చింది జీతంలేని ఆపాలు, మాస్టార్లు. 1949లో మొదలైన అబిడ్స్ 'సియాసత్' పత్రిక స్థాపకుడు ఆబిద్ అలీఖాన్ పేరిట ట్రస్టు ఉర్దూదానీ, జబాన్‌దానీ, ఇన్షా పరీక్షలు పెడితే, పిల్లల్ని తయారుచేసింది ఇలాంటివాళ్లే.

ఒకప్పటి రాజభాష అని మురిసే పెద్దలు ముషాయిరాల్లో వాహ్‌వా అంటారు. సాయంత్రం చాప పరిచి పిల్లల్ని కూచోబెట్టేవాళ్లు మాత్రం ఇంకా చాలరు.