ఆప్టోమెట్రిస్టు: తెలుగు నేలపై శిక్షణ, కంటి సేవలు

చూపును కొలిచి, దోషానికి తగిన అద్దాల పవరు నిర్ణయించి, కంటి జబ్బు ఆనవాళ్ళు కనిపిస్తే వైద్యుడి దగ్గరకు పంపే నిపుణుణ్ణి ఆప్టోమెట్రిస్టు అంటారు. ఎం.బి.బి.ఎస్. తర్వాత కంటి వైద్యంలో పీజీ చేసి ఆపరేషన్లు చేసేవారు నేత్రవైద్యులు. చీటీలో రాసిన పవరు ప్రకారం అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించేవారు ఆప్టిషియన్లు. పల్లెల్లో ముగ్గురినీ ‘కంటి డాక్టరు’ అనే పిలుస్తారు. ఎవరి దగ్గర ఏ పని అవుతుందో తెలియక పేషెంట్లు నెలల తరబడి తప్పు గడప తొక్కుతున్నారు కాబట్టి ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

శిక్షణ

దేశంలో ఈ చదువు మొదలైన చోట్లలో హైదరాబాద్ ఒకటి. 1958లో ఇక్కడి సరోజినీదేవి కంటి ఆసుపత్రిలోనూ, అలీగఢ్‌లోని గాంధీ కంటి ఆసుపత్రిలోనూ ఆప్టోమెట్రీ డిప్లొమా పాఠశాలలు వెలిశాయి. నాలుగేళ్ళ డిగ్రీ 1985లో చెన్నైలోని ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీతో వచ్చింది. సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన భూమి, విరాళంతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా తర్వాత సొంతంగా ఆప్టోమెట్రీ పాఠశాల పెట్టింది.

ఇంటర్మీడియట్ సైన్సు గ్రూపుతో పాసైనవారు బి.ఆప్టమ్‌లో చేరవచ్చు. మూడేళ్ళు చదువు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. కాంతి శాస్త్రం, కంటి నిర్మాణం, జబ్బులు, రెండు కళ్ళూ కలిసి పనిచేసే తీరు, కాంటాక్ట్ లెన్సులు, అద్దాలు పెట్టినా చూపు సరిగా రానివారికి భూతద్దాలు, టెలిస్కోపుల వంటి సాధనాలతో సాయం చేసే పద్ధతులు నేర్పుతారు. ఆపై రెండేళ్ళ ఎం.ఆప్టమ్ ఉంది. చాలాకాలం ఈ వృత్తికి దేశమంతటికీ ఒకే చట్టం లేదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఆప్టోమెట్రిస్టును గుర్తించింది. ఆ చట్టం ప్రకారం ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడి డిగ్రీకి కనీసం 3,600 గంటల చదువు ఉండాలి.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో కనిపించే ఆఫ్తాల్మిక్ అసిస్టెంటు వేరు. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమంతో ఊళ్ళకు చేరిన ఈ ఉద్యోగుల శిక్షణ రెండేళ్ళే. అయినా అద్దాల చీటీ రాయడంలో, శుక్లాలు గుర్తించడంలో పల్లె భారమంతా ఎక్కువగా మోసింది వాళ్ళే.

పరీక్ష ఎలా సాగుతుంది

6 మీటర్ల దూరంలో అక్షరాల పట్టిక ఉంటుంది. డచ్చి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో రూపొందించిన పద్ధతి ఇది. మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదవగల అక్షరాన్ని 6 మీటర్లకు వస్తే గాని చదవలేకపోతే ఆ చూపును 6/60 అని రాస్తారు. తెలుగు అక్షరాల పట్టికలున్నాయి. చదువు రానివారికి నాలుగు దిక్కులకూ తిరిగి ఉండే ‘ఈ’ గుర్తులు చూపించి, కొమ్ములు ఎటున్నాయో చేత్తో చెప్పమంటారు.

అసలు నేర్పు రెటినోస్కోపు దగ్గర తెలుస్తుంది. చీకటి గదిలో ఒక వెలుగు గీతను కంటిపాప మీద అటూఇటూ ఆడిస్తారు. లోపలి నుంచి తిరిగి వచ్చే వెలుగు గీతతోపాటు కదిలితే ప్లస్ అద్దం, ఎదురు కదిలితే మైనస్ అద్దం వేస్తూ, ఆ కదలిక ఆగేదాకా అద్దాలు మారుస్తారు. నోటి మాటతో పనిలేదు గనుక మూడేళ్ళ పిల్లవాడికీ, మాట పడిపోయిన ముసలమ్మకూ ఇదే దారి. కంప్యూటర్ యంత్రం క్షణాల్లో అంకెలు ఇస్తుంది. కానీ ఆ కాగితాన్నే చీటీగా రాసివ్వడం సరైన పద్ధతి కాదు. ట్రయల్ ఫ్రేము పెట్టి, మనిషి హాయిగా చూడగలుగుతున్నాడా అని అడిగి తేల్చాల్సిందే. తర్వాత స్లిట్ ల్యాంపు కింద కంటి ముందుభాగం చూస్తారు, కంటి లోపలి ఒత్తిడి కొలుస్తారు. మధుమేహం ఉన్నవారిని ఏటా రెటీనా పరీక్షకు పంపుతారు.

నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారడాన్ని తెలుగువారు ‘చత్వారం’ అంటారు. సంస్కృతంలో నలభైకి ‘చత్వారింశత్’ అని పేరు, మన మాట అక్కడి నుంచే వచ్చింది. జబ్బు పేరులోనే వయసు చెప్పిన భాష మనది. సూదిలో దారం ఎక్కించలేని దర్జీకీ, బియ్యంలో రాళ్ళు ఏరలేని ఇల్లాలికీ కావలసింది ఒక జత రీడింగ్ అద్దాలే.

మఠంపల్లి వంటి చోట

సూర్యాపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న మండలం మఠంపల్లి. మట్టపల్లి నరసింహస్వామి క్షేత్రం, సిమెంటు ఫ్యాక్టరీలు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలు ఇక్కడి గుర్తులు. పెద్ద వైద్యానికి కోదాడకో, మిర్యాలగూడకో, సూర్యాపేటకో వెళ్ళాలి. బస్సు ఖర్చుతోపాటు ఒకరోజు కూలీ కూడా పోతుంది. వరి కోతల్లో ఆకు గీసుకున్నా, నూర్పిళ్ళలో ఊక పడినా నల్లగుడ్డు మీద గాయమై, బూజు చేరి పుండు పడవచ్చు. ఆకు పసరు, తల్లిపాలు పోయడం, మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవడం దాన్ని ముదరబెడతాయి. మానినా తెల్లటి ‘పువ్వు’ మిగిలిపోతుంది. స్లిట్ ల్యాంపు కింద ఆ పుండును గుర్తుపట్టి అదే రోజు ఆసుపత్రికి పంపగల మనిషి దగ్గరలో ఉంటే చాలా కళ్ళు నిలుస్తాయి.

1996–2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించిన అధ్యయనంలో అంధత్వం 1.84 శాతంగా తేలింది. అందులో 44 శాతానికి శుక్లాలు, 16.3 శాతానికి దృష్టి దోషాలు కారణం. అంటే అంధులుగా లెక్కకెక్కినవారిలో ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరి కష్టం ప్రధానంగా అద్దాలతో తీరేదే. మఠంపల్లి వంటి ఊళ్ళ కోసమే ఎల్.వి. ప్రసాద్ సంస్థ అంచెల పద్ధతి పెట్టింది. సుమారు 50 వేల జనాభాకు కంటి పరీక్ష చేసే ఒక విజన్ సెంటర్, 5 లక్షలకు ఆపరేషన్లు చేసే ఒక గ్రామీణ ఆసుపత్రి. వీటిలో తొలి ఆసుపత్రి 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో మొదలైంది. విజన్ సెంటర్లలో ఏడాది శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులు పనిచేస్తారు.

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ‘కంటి వెలుగు’ అనే కంటి పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో ప్రారంభమైంది. వైద్యాధికారి పక్కన ఆప్టోమెట్రిస్టును కూర్చోబెట్టి ఊరూరా శిబిరాలు నడిపారు. ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్ష చేయించుకున్నారు.

శిబిరం వెళ్ళిపోయాక కూడా పని మిగిలే ఉంటుంది. పిల్లల పవరు ఏటా మారవచ్చు. ఒక కన్ను మందగించిన పిల్లవాడికి ఏడెనిమిదేళ్ళ లోపే అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేయాలి, ఆలస్యమైతే చూపు రావడం కష్టం. శుక్లం ఆపరేషన్ పట్నంలో చేయించుకున్నా, కన్ను కుదుటపడ్డ నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత మళ్ళీ పవరు చూసి కొత్త చీటీ రాయాలి. ఆ పనికి పట్నం దాకా పోనక్కరలేదు, ఆప్టోమెట్రిస్టు ఉన్న దగ్గరి కేంద్రంలోనే చేయించుకోవచ్చు.