ఎస్‌డీ-వాన్

సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ వైడ్ ఏరియా నెట్‌వర్క్ లేదా ఎస్‌డీ-వాన్ అనగా ఒక సంస్థకు వేర్వేరు ఊళ్ళలో ఉన్న కార్యాలయాలను, డేటా సెంటర్లను, క్లౌడ్ సేవలను కలిపే నెట్‌వర్కును సాఫ్ట్‌వేర్ ద్వారా ఒకే చోటు నుండి నిర్వహించే విధానం. ఏ సమాచారం ఏ దారిలో పోవాలన్న నియమాలను ప్రతి రౌటరులోనూ విడివిడిగా వ్రాయనవసరం లేకుండా, కేంద్రంలో ఉన్న కంట్రోలరు వాటిని అన్ని శాఖలకూ అందజేస్తుంది. బ్యాంకులు, దుకాణాల శ్రేణులు వంటి శాఖలు ఎక్కువగా ఉన్న సంస్థలకు ఇది ప్రత్యేకించి ఉపయోగకరం.

నేపథ్యం

ఎమ్‌పీఎల్‌ఎస్ విధానపు నిర్మాణ పత్రం 2001 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 3031గా వెలువడింది. తరువాతి కాలంలో చాలా సంస్థలు టెలికాం కంపెనీల నుండి ఎమ్‌పీఎల్‌ఎస్ లైన్లు అద్దెకు తీసుకొని తమ శాఖలను కలుపుకున్నాయి. ఈ లైన్ల నాణ్యతకు ఒప్పందంలో హామీ ఉంటుంది. కాని అంతే వేగం గల బ్రాడ్‌బ్యాండు కంటే సాధారణంగా అద్దె ఎక్కువ. కొత్త శాఖకు లైను అమరడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది.

2010 దశకంలో ఈ-మెయిల్, లెక్కలు మొదలైన పనులు క్లౌడుకు మారడంతో మరొక చిక్కు వచ్చింది. శాఖలోని ఉద్యోగి ఇంటర్నెట్‌లోని సేవను వాడాలన్నా, సమాచారం ముందు ప్రధాన కార్యాలయానికి వెళ్ళి, అక్కడి నుండి బయటకు పోయేది. ఈ చుట్టుదారి వలన ఆలస్యమూ, అద్దె లైనుపై భారమూ రెండూ పెరిగాయి.

ఈ అవసరాన్ని గుర్తించి 2012లో విప్టెలా, వెలోక్లౌడ్ అనే కంపెనీలు ప్రారంభమయ్యాయి. 2017లో మొదటిదానిని సిస్కో, రెండవదానిని వీఎమ్‌వేర్ కొనుగోలు చేశాయి. ఎస్‌డీ-వాన్ సేవకు ప్రామాణిక నిర్వచనాన్ని ఎమ్‌ఈఎఫ్ సంస్థ 2019లో ప్రచురించింది.

పనిచేసే విధానం

ప్రతి శాఖలో ఒక పరికరాన్ని అమర్చి, దానికి ఎమ్‌పీఎల్‌ఎస్, బ్రాడ్‌బ్యాండు, 4జీ లేదా 5జీ వంటి రెండు లేక అంతకంటే ఎక్కువ లైన్లను కలుపుతారు. వాటిపై సమాచారం సంకేతీకరించబడిన సొరంగాల గుండా ప్రయాణిస్తుంది. పరికరం ప్రతి దారిలోని ఆలస్యాన్ని, ఆలస్యంలో హెచ్చుతగ్గులను, ప్యాకెట్ల నష్టాన్ని ఎడతెగక కొలుస్తూ ఉంటుంది. ఫోను సంభాషణకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు మించకుండా ఉండడం మేలని ఐటీయూ సిఫారసు. ఒక దారి ఈ హద్దు దాటితే సంభాషణను మరొక దారికి మళ్ళించి, ఆలస్యమైనా ఇబ్బంది లేని ఫైళ్ళ నకళ్ళను పాత దారిలోనే ఉంచవచ్చు.

ప్రయోజనాలు

* ఖర్చు: ముఖ్యమైన పనులకు మాత్రమే ఖరీదైన లైను వాడి, మిగిలినవి బ్రాడ్‌బ్యాండు మీదుగా పంపవచ్చు.
* వేగం: క్లౌడ్ సేవలకు శాఖ నుండి నేరుగా చేరవచ్చు.
* నిర్వహణ: కొత్త శాఖలో పరికరాన్ని తగిలిస్తే అది కంట్రోలరు నుండి తన అమరికను తానే తెచ్చుకుంటుంది. నిపుణుడు స్వయంగా వెళ్ళే అవసరం తగ్గుతుంది.
* అంతరాయాల తగ్గుదల: ఒక లైను 99 శాతం కాలం పనిచేసినా సంవత్సరానికి సుమారు 88 గంటలు ఆగిపోతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడిపోయే అటువంటి లైన్లు రెండుంటే, రెండూ ఒకేసారి ఆగే కాలం సంవత్సరానికి సుమారు 53 నిమిషాలు మాత్రమే.

గూగుల్ అనుభవం

గూగుల్ తన డేటా సెంటర్లను కలిపే బీ4 అనే నెట్‌వర్కును గురించి 2013లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించింది. మామూలుగా ఇటువంటి లైన్ల సామర్థ్యంలో సగటున 30 నుండి 40 శాతం మాత్రమే వాడుకలో ఉండగా, సాఫ్ట్‌వేర్ నియంత్రణ వలన బీ4లో దీర్ఘకాలిక సగటు 70 శాతానికి చేరినట్లు అందులో పేర్కొన్నారు. ఇది శాఖల కోసం అమ్మే ఎస్‌డీ-వాన్ కాదు గాని, మూలసూత్రం ఒక్కటే.

పరిమితులు

ఎస్‌డీ-వాన్ ఉన్న దారులలో మంచిదానిని ఎంచుకోగలదు గాని, లేని దారిని సృష్టించలేదు. రెండు కంపెనీల నుండి తీసుకున్న లైన్లైనా, వాటి కేబుళ్ళు ఒకే కందకంలో ఉంటే ఒక్క తవ్వకంతో రెండూ తెగిపోతాయి. అప్పుడు పైన చెప్పిన 53 నిమిషాల లెక్క వర్తించదు. కనుక లైన్లు తీసుకునే ముందే అవి భవనంలోకి వేర్వేరు మార్గాలలో వస్తున్నాయో లేదో తెలుసుకోవాలి. ప్రతి శాఖా నేరుగా ఇంటర్నెట్‌కు తెరుచుకోవడం వలన ఫైర్‌వాల్ వంటి రక్షణ ప్రతి శాఖకూ అవసరమవుతుంది. కంట్రోలరు శత్రువుల చేతిలో పడితే నెట్‌వర్కు మొత్తం ప్రమాదంలో పడుతుంది.

ఇవి కూడా చూడండి

* కంప్యూటర్ నెట్‌వర్క్
* ఇంటర్నెట్
* రౌటర్