కింది కోర్టు తప్పు, పై కోర్టు తూకం

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే నాటికి ఇక్కడి సెషన్స్ కోర్టులో హత్యానేరం రుజువై శిక్ష పడితే అప్పీలు మద్రాసు హైకోర్టుకు వెళ్ళేది. 1954లో అది గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019లో అమరావతికి మారింది. మద్రాసైతే మనకు దగ్గర. ముద్దాయి తల్లిదండ్రులు వకీలును కలిసి సాయంత్రానికి ఇల్లు చేరగలిగేవారు. ఆ వెసులుబాటు పోవడం పేదలకు పెద్ద దెబ్బేనని నా అభిప్రాయం.

చట్టం మాత్రం పాత ప్రశ్ననే పట్టుకుని ఉంది. విచారణలో తప్పు దొర్లితే చాలదు, దానివల్ల న్యాయం దెబ్బతిన్నదా? 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 537వ సెక్షన్, 1973 కోడ్‌లో 465, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 511 అడిగేది ఇదే.

దీన్ని తేటగా చూపేది గుంటూరు జిల్లా నుంచి వెళ్ళిన పులుకూరి కొట్టయ్య కేసు. అంతకుముందు 1937లో అత్తప్ప గౌండన్ కేసులో మద్రాసు ఫుల్‌బెంచ్, పోలీసులకు ముద్దాయి చెప్పిన మాటవల్ల ఆయుధం దొరికితే నేరాన్ని ఒప్పుకున్న భాగం కూడా సాక్ష్యమేనంది. చిత్తూరు జడ్జికైనా అదే శిరోధార్యం. 1946 డిసెంబరులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ అది తప్పని తేల్చింది. ఈటె దాచిన చోటు చెప్పిన ముక్క చెల్లుతుంది, ఆ ఈటెతో పొడిచానన్న ముక్క చెల్లదు. ఇదే కేసులో సాక్షుల మాటలు పోలీసులు రాసుకున్న పుస్తకాన్ని ముద్దాయిల వకీలుకు వేళకు ఇవ్వలేదు. అదీ తప్పే, కానీ నష్టం జరగలేదని కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టింది. ముద్దాయిలను విడిచిపెట్టలేదు. చెల్లని మాటలు తీసేశాక మిగిలింది శిక్షకు చాలుతుందో లేదో చూడమని కేసును మద్రాసుకు తిప్పి పంపింది.

1984లో శరద్ బిర్ధీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు మరో కట్టుబాటు చెప్పింది. వివరణ ఇమ్మని ముద్దాయిని అడగని అంశాన్ని అతని మీద వాడకూడదు.

ఇన్ని రక్షణలున్నా ఆలస్యం మనిషిని తినేస్తుంది. 2007లో విజయవాడ దగ్గర హాస్టల్‌లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో 2010లో ఒక యువకుడికి యావజ్జీవం పడింది. హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది 2017 మార్చి 31న. లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. పోయిన యవ్వనానికి అది ఏ లెక్కన సరిపోతుంది?

ఇప్పుడు తిరుపతిలోనో చిత్తూరులోనో యావజ్జీవం పడితే హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు, ఉరిశిక్షకు 30. ఉరిని మాత్రం అప్పీలు వేయకపోయినా హైకోర్టు ఖరారు చేయాల్సిందే. జైలుశిక్ష పడినవారికి తీర్పు నకలు ఉచితంగా అందాలని, స్తోమత లేకపోతే ప్రభుత్వమే వకీలును పెట్టాలని 1978లో హోస్కోట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.