పర్యావరణ దినములు: వాని పుట్టుక, పరమార్థము

మన పంచాంగమునకు తోడుగా ఇప్పుడు మరియొక పంచాంగము వెలసినది. మార్చి 22 జలదినము. ఏప్రిలు 22 ధరిత్రీదినము. జూన్ 5 ప్రపంచ పర్యావరణదినము. జూలై మొదటివారము వనమహోత్సవము. ఆ దినములలో బాలురు బొమ్మలు వ్రాయుదురు. పెద్దలు మొక్కను పట్టుకొని ఛాయాచిత్రము తీయించుకొందురు. మరునాడు గుంటలో ఆ మొక్క యున్నదో లేదో చూచువారు అరుదు. కావున ఈ దినము లెట్లు పుట్టినవో, మననుండి ఏమి కోరుచున్నవో విచారించుట యావశ్యకమని మేము తలంచుచున్నాము.

ఇట్టివానిలో ప్రసిద్ధమైన వృక్షదినము అమెరికాలోని నెబ్రాస్కాలో పుట్టినది. అది చెట్లు కరువైన గడ్డిమైదానము. అచ్చట కాపురమునకు వచ్చినవారికి ఇంటికి దూలము లేదు, పొయ్యికి పుల్ల లేదు, ఎండకు నీడ లేదు. జె. స్టెర్లింగ్ మోర్టన్ అను పత్రికాసంపాదకుని ప్రోత్సాహమున 1872 ఏప్రిలు 10వ తేదీని వృక్షదినముగా జరిపిరి. ఆ యొక్కనాడే పదిలక్షల చెట్లు నాటిరని చెప్పుదురు. ఆ దినమునకు తల్లి అక్కర.

ధరిత్రీదినమునకు తల్లి దుఃఖము. 1969 జనవరిలో కాలిఫోర్నియా తీరమున శాంటా బార్బరా యొద్ద సముద్రములోని నూనెబావి పగిలి, వేలకొలది పక్షులు మడిసెను. అది చూచి కలతచెందిన సెనేటరు గేలార్డ్ నెల్సన్ పూనికతో 1970 ఏప్రిలు 22న రెండుకోట్ల జనులు సభలు జరిపిరి. ఆ యేడు డిసెంబరులోనే ఆ దేశమున పర్యావరణరక్షణకు ప్రత్యేకసంస్థ యేర్పడినది.

1972 జూన్ 5న స్టాక్‌హోములో ఐక్యరాజ్యసమితి మహాసభ ప్రారంభమైనది. ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధాని గాక, దానికి వెళ్లిన ప్రధాని ఇందిరాగాంధీ యొక్కతెయే. ఆ ప్రారంభదినమే ప్రపంచ పర్యావరణదినమైనది. మనదేశమున జలకాలుష్యముపై 1974లోను, వాయుకాలుష్యముపై 1981లోను చట్టములు వచ్చినవి. ఆ మహాసభనే పీఠికలో పేర్కొన్న సమగ్రచట్టము 1986లో గాని రాలేదు. ఈలోగా 1984లో భోపాలున విషవాయువు వేలమందిని పొట్టబెట్టుకొనెను. ఆలస్యము చేసిన సంకల్పము ఎంత వెల గోరునో చూడుడు!

మన వనమహోత్సవమును 1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ నెలకొల్పెను. అంతకు ముందునుండియు మనకు కార్తికమున వనభోజనములు గలవు. కాని ఉసిరిచెట్టు నీడను భుజించుటకు ముందు ఉసిరిచెట్టు ఉండవలెను గదా!

దూరపు కథల నటుంచి మా పెనుగంచిప్రోలిని చూతము. ఇది మున్నేటి యొడ్డున నున్నది. తిరుపతమ్మ తిరునాళ్లకు జనులు వేలకొలదిగ వచ్చి, యేట స్నానము చేసి, అమ్మను దర్శింతురు. అమ్మకు మ్రొక్కిన చేతులే ప్లాస్టిక్ సంచులను ఏటిపాలు చేయుట న్యాయమా? ఏటియిసుక వాననీటిని దాచి, ఒడ్డునున్న బావులకు వేసవిలో అందించును. దానిని మితిమీరి త్రవ్వినచో బావులు అడుగంటును. ఏటిని మనము మరచినను ఏరు మనలను మరవదు. 2023 జూలైలో పొంగి, నందిగామ చెంత ఐతవరమున పెద్దరహదారిని ముంచినది. 2024 సెప్టెంబరులో ఎగువనున్న ఖమ్మమున ఇండ్లలో చొచ్చినది.

నిలుపుకొను విద్య మా యూరికి క్రొత్త కాదు. అమ్మవారి విగ్రహములను జగ్గయ్యపేటకు కొనిపోయి, మరల రంగులు దిద్దించి తెచ్చుట ఇచ్చటి యాచారము. ప్రతిష్ఠ ఒకనాటిది, పోషణము ఎన్నటికిని తీరనిది అని ఆ యాచారమే బోధించుచున్నది. విగ్రహమున కున్న యీ భాగ్యము ఏటికి, చెట్టునకు ఏల లేకపోవలెను?

ఖమ్మము చెంత రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య అను ఆయన యుండెడివాడు. ఏ దినమునకును ఎదురుచూడక, భార్య జానమ్మ తోడుగా, విత్తనము లేరి, మొక్కలు నాటి, జనులచే వనజీవి యనిపించుకొనెను. నాటినవి కోటికి మించునని ప్రసిద్ధి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 2025 ఏప్రిలు 12న ఆయన కన్నుమూసెను. ఆయనకు సంవత్సరమెల్ల వనమహోత్సవమే.

ఫలము లేని తంతులను మూఢాచారములని గర్హించు మనము, ఛాయాచిత్రము కొరకు మొక్క నాటు ఈ క్రొత్త తంతును సహింపరాదు. అట్లని దినమును త్రోసివేయనక్కర లేదు. నోము సంగతి మన గృహిణులకు తెలియును: ఒకనాడు పట్టుదురు, ఏడాది నడుపుదురు, పిదప ఉద్యాపనము చేసి తీర్చుకొందురు. నడుమ విడిచినది నోము గాదు. జూన్ 5 నోముపట్టు దినము. మరుసటి జూన్ 5 ఉద్యాపనము. ఆనాడు ఎన్ని మొక్కలు నాటితిమని గాక, నిరుటివి ఎన్ని బ్రదికినవని ఇంటింటను, బడిబడిని లెక్క చెప్పుకొందము. ఆ లెక్కకు జంకని యూరే ఆ దినమును జరిపిన యూరు.